‘జోన్ ఆఫ్ ఆర్క్’ మూకీ: ఏ ప్రింటు చూడాలి, ఎంత వేగంతో చూడాలి, దేన్ని గమనించాలి

మీరు అడిగింది ఇది. 1928 నాటి ‘ది ప్యాషన్ ఆఫ్ జోన్ ఆఫ్ ఆర్క్’ మొదలుపెట్టి ఇరవై నిమిషాలకే ఆపేశారు. అన్నీ ముఖాలే, ఎవరు ఎక్కడ కూర్చున్నారో తెలియలేదు, వెనక కోరస్ పాటల సంగీతం తలనొప్పి తెప్పించింది. వచ్చే నెల కాలేజీ ఫిల్మ్ క్లబ్‌లో ఓ ముప్పై మంది పిల్లలకి దీన్నే వెయ్యాలి. ఏ కాపీ వెయ్యాలి, సంగీతం ఉంచాలా తీసెయ్యాలా, టైటిల్ కార్డుల (మధ్యలో మాటలు రాసి చూపే పలకల) సంగతేంటి, అసలు ఇందులో అంత గొప్పేముంది?

ఎవరు ఎక్కడ కూర్చున్నారో తెలియకపోవడం మీ లోపం కాదు. దర్శకుడు కావాలని చేసిన పని అది, సినిమా అంతా దాని మీదే నిలబడి ఉంది. దాని గురించి తర్వాత వివరంగా చెబుతాను. ముందు మీరు చూసిన కాపీ ఏదో తేలాలి, ఎందుకంటే నెట్‌లో ఈ పేరుతో దొరికేవన్నీ ఒకే సినిమా కావు.

డెన్మార్క్ దర్శకుడు కార్ల్ థియోడోర్ డ్రేయర్ దీన్ని 1927లో ఫ్రాన్స్‌లో తీశాడు. 1928 ఏప్రిల్ 21న కోపెన్‌హాగెన్‌లో మొదటిసారి వేశారు. పారిస్‌లో విడుదలయ్యే లోపు అక్కడి ఆర్చిబిషప్పూ సెన్సారు వాళ్ళూ కలిసి కొంత కోయించారు. అదే ఏడాది డిసెంబరులో బెర్లిన్‌లోని ఊఫా స్టూడియోలో మంటలు లేచి అసలు నెగటివ్ కాలిపోయింది. షూటింగ్‌లో వాడకుండా పక్కన పెట్టిన టేకులతో డ్రేయర్ షాటు షాటుకీ సరిపోయేలా రెండో నెగటివ్ కూర్చాడు. మరుసటి ఏడాది అదీ అగ్నిప్రమాదంలో పోయిందన్నారు. అక్కణ్ణుంచి యాభై ఏళ్ళు జనం చూసినవన్నీ ఈ రెండో కూర్పు నుంచి వచ్చినవీ, అతుకులు వేసినవీ. 1952లో ‘లో దూకా’ అనే ఆయన ఒక రూపం తయారుచేసి దానికి బాక్, వివాల్డి కాలపు సంగీతం తగిలించాడు. టైటిల్ కార్డులు చాలావరకు తీసేసి సబ్‌టైటిళ్ళు పెట్టాడు. ఉంచిన కార్డుల వెనక చర్చి రంగుటద్దాల బొమ్మలు పెట్టాడు. డ్రేయర్‌కి అది నచ్చలేదు. 1981లో నార్వే రాజధాని ఓస్లో దగ్గర డికెమార్క్ మానసిక చికిత్సాలయంలో ఒక బీరువాలో రీలు డబ్బాలు బయటపడ్డాయి. విప్పి చూస్తే డెన్మార్క్‌లో వేసిన, కత్తెర పడని మొదటి రూపం! ఈ రోజు మంచి డిస్కుల్లో వచ్చేది దాన్నుంచి బాగుచేసిన ప్రింటే.

మన దగ్గర సంగతి తలుచుకుంటే ఆ డబ్బాల విలువ ఇంకా బాగా తెలుస్తుంది. రఘుపతి వెంకయ్య గారి మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ ప్రింటు ఈ రోజు మనకి లేదు. ఈ దేశంలో వెయ్యికి పైగా మూకీలు తీస్తే పూర్తిగా మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టాలి.

మీ కాపీ ఏదో గుర్తుపట్టడానికి మూడు పరీక్షలు చాలు. కార్డుల వెనక రంగుటద్దాలో చర్చి బల్లలో కనిపిస్తే అది లో దూకా రూపం, పక్కన పెట్టండి. ఎడమవైపు ముఖాలు అదే పనిగా సగానికి తెగుతుంటే అది సౌండ్ ట్రాక్ కోసం కోసిన ప్రింటు. 35 మి.మీ. మూకీ ఫిల్ములో బొమ్మ రెండు అంచుల్లోని రంధ్రాల మధ్య వెడల్పంతా పరుచుకుని ఉంటుంది. దాని మీద శబ్దం అచ్చు వెయ్యాలంటే ఎడమ పక్క సుమారు రెండున్నర మిల్లీమీటర్ల పట్టీ దానికి వదిలెయ్యాలి, అంటే బొమ్మలో దాదాపు పదో వంతు. వేరే సినిమాలో ఆ పదో వంతు పోయినా పెద్ద నష్టం కాదు. ఇందులో డ్రేయర్ ముఖాలని కావాలని ఫ్రేము అంచుకి నెట్టి పెట్టాడు కాబట్టి పోయేది ఒక కన్నో చెంపో. మూడో పరీక్ష నిడివి. 81 నిమిషాల చుట్టూ ఉంటే సెకనుకి 24 ఫ్రేముల వేగం, 97 చుట్టూ ఉంటే 20 ఫ్రేములు. 78 దగ్గర ఉంటే పాత యూరప్ డీవీడీ నుంచి తీసింది, సెకనుకి 25 ఫ్రేములతో పరిగెడుతోంది.

ఈ వేగం గొడవ చిన్నదిగా కనిపిస్తుంది కానీ మీ ‘ఇరవై నిమిషాల’ సమస్యలో సగం ఇక్కడే ఉండొచ్చు. టాకీలు వచ్చేదాకా ప్రొజెక్టరుకి ఒకే వేగం అంటూ స్థిరపడలేదు, కాబట్టి 20 సరైందా 24 సరైందా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. నా ఓటు 20కి. కారణం జోన్‌గా నటించిన ఫాల్కొనెట్టి కన్నీళ్ళు. మొదటి విచారణలో ‘పరలోక ప్రార్థన ఎవరు నేర్పారు?’ అని అడిగినప్పుడు ఆమె ‘మా అమ్మ’ అంటుంది. ఆ క్షణంలో కంట్లో నీరు నిండటం, జారటం, చెంప మీద ఆగటం 20లో విడివిడిగా తెలుస్తాయి. 24లో నీటిబొట్టు జారిపోతుంది, ఆ ఆగటం కంటికి అందదు. న్యాయమూర్తుల నోళ్ళు కూడా 24లో కొంచెం కొరుకుతున్నట్టు ఆడతాయి. అలాగని 24 వెర్షన్ తప్పనలేం, దాంట్లో కోర్టు దాడి మరింత కరుకుగా తగులుతుంది. 2018లో క్రైటీరియన్ అనే డిస్కుల సంస్థ తెచ్చిన డిస్కులో రెండు వేగాలూ ఉన్నాయి.

మీ దగ్గర 24 కాపీయే ఉంటే వీఎల్‌సీ ప్లేయర్‌లో వేగం 0.83 పెట్టండి. 24ని 0.83తో గుణిస్తే 19.92, అంటే దాదాపు 20. 0.05 చొప్పున మాత్రమే మార్చనిచ్చే ప్లేయర్ అయితే 0.85 పెట్టండి, 20.4 వస్తుంది, చాలు. అలా చేస్తే సంగీతం కూడా సాగి పాడవుతుంది కాబట్టి శబ్దం పూర్తిగా కట్టెయ్యాలి.

టీవీలో గానీ ప్రొజెక్టరులో గానీ వేసే ముందు నాలుగు మీటలు చూసుకోవాలి. ‘మోషన్ స్మూతింగ్’ లాంటిది ఏ పేరుతో ఉన్నా ఆపెయ్యండి. లేని ఫ్రేములు అది పుట్టిస్తుంది, ముఖాలు నూనె రాసినట్టు జారతాయి. ‘నాయిస్ రిడక్షన్’ ఆపండి. అది ఫిల్ము గింజతో పాటు చర్మం మీద గరుకుని కూడా తుడిచేస్తుంది, ఆ గరుకే ఈ సినిమాకి ప్రాణం. పిక్చర్ మోడ్ ‘వివిడ్’లో ఉంటే ‘సినిమా’కి మార్చి కాంట్రాస్టు తగ్గించండి. వెనక గోడలు దాదాపు తెల్లగా ఉంటాయి, కాంట్రాస్టు ఎక్కువైతే జోన్ చెంప ఆ తెలుపులో కలిసిపోతుంది. సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే ఆమె ఎండిన పెదాల మీద పగుళ్ళు కనపడుతున్నాయా చూడండి. చివరిది, బొమ్మ 4:3 నిష్పత్తిలోనే ఉండాలి, రెండు పక్కలా నల్లపట్టీలు రావాలి. తెరంతా నిండాలని సాగదీస్తే బిషప్పూ జోనూ ఇద్దరూ ఉబ్బిపోయి కనిపిస్తారు.

సంగీతం విషయానికి వస్తే, ఇదే ఖాయం అని డ్రేయర్ ఏ సంగీతాన్నీ నిర్ణయించి పోలేదు. మీకు తలనొప్పి తెప్పించింది కోరస్ అంటున్నారు కాబట్టి బహుశా రిచర్డ్ ఐన్‌హార్న్ 1994లో కట్టిన ‘వాయిసెస్ ఆఫ్ లైట్’ అయి ఉంటుంది. గొప్ప కూర్పే. మధ్యయుగపు స్త్రీల రాతలు తీసుకుని గాయకబృందంతోనూ వాద్యబృందంతోనూ కట్టాడు. అయితే అది సినిమాని ఆధారం చేసుకుని పుట్టిన స్వతంత్ర రచన, షాటు షాటుకీ తాళం వేసే రీరికార్డింగ్ కాదు. మొదటిసారి చూసేవాళ్ళకి అది ఏడవాల్సిన చోటు ముందే చెప్పేస్తుంది. 20 ఫ్రేముల వెర్షన్‌కి జపాన్ పియానిస్టు మియే యనషిత వాయించినది ఉంది. ఒక్క పియానో, చాలా సంయమనం. క్లబ్‌లో వెయ్యడానికి నేను సూచించేది అదే. మీరొక్కరే ఇంట్లో చూసేటప్పుడు మాత్రం మొదటి విచారణ అంతా శబ్దం లేకుండా చూడండి. మొదటి రెండు మూడు నిమిషాలు ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత కళ్ళు చెవుల పని కూడా అందుకుంటాయి.

ఇక అసలు విషయం, ఇందులో ఏముందన్నది.

కథ మూడు ముక్కల్లో అయిపోతుంది. ఫ్రాన్స్ సేనని నడిపిన పల్లెటూరి పిల్ల జోన్‌ని ఇంగ్లీషువాళ్ళు చేజిక్కించుకున్నారు. రువాఁ పట్టణంలో వాళ్ళ పక్షాన ఉన్న మతపెద్దలు మతద్రోహం నేరం మోపి విచారించారు. 1431 మే 30న సజీవదహనం చేశారు. నెలల తరబడి సాగిన విచారణని డ్రేయర్ ఒక్క రోజులో జరిగినట్టు కుదించాడు. యుద్ధాలు, రాజు పట్టాభిషేకం, గుర్రాలు, జెండాలు ఏమీ ఉండవు. సినిమా మొదట్లోనే ఒక చెయ్యి విచారణ రికార్డు పుటలు తిప్పుతుంది. అడిగే ప్రశ్నలు, చెప్పే జవాబులు చాలావరకు అందులోవే. పేరులో ‘ప్యాషన్’ని ఆవేశం అనుకుంటే దారి తప్పుతాం. అది మన చర్చిల్లో ‘శ్రమల కాలం’, ‘శ్రమల వారం’ అంటారే, ఆ శ్రమలు, అంటే క్రీస్తు పడ్డ బాధలు. క్రీస్తు శ్రమల మెట్లన్నీ ఇందులో జోన్‌కి వస్తాయి: దొంగ స్నేహం, సైనికుల ఎగతాళి, కిరీటం, ఊరేగింపుగా చావు దగ్గరికి నడక.

ఇప్పుడు మీ గందరగోళం దగ్గరికి. మామూలు సినిమాలో కోర్టు సీను ఎలా తీస్తారు? ముందు హాలంతా కనిపించే షాటు. జడ్జి అటు, బోను ఇటు, లాయర్లు మధ్యలో. తర్వాత క్లోజప్పులు. ఎవరు ఎటు చూస్తే ఎవరిని చూస్తున్నట్టో మనకి తెలిసిపోతుంది. డ్రేయర్ ఈ ఏర్పాటునే తీసేశాడు. మొదట్లో కెమెరా కోర్టులో బల్లల వెంట కదులుతూ పోతుంది కానీ దాన్నుంచి కూడా హాలు ఆకారం మన బుర్రలో నిలవదు. ఆ తర్వాత ముఖం, ముఖం, ముఖం. సినిమాలో 1,500కి పైగా కట్‌లు ఉంటే, ఒక షాటులో ఉన్న మనిషో వస్తువో తర్వాతి షాటులోకి కొనసాగేవి ముప్పై లోపేనని చరిత్రకారుడు డేవిడ్ బోర్డ్‌వెల్ లెక్కతేల్చాడు. అంటే దాదాపు ప్రతి కట్ దగ్గరా మనం కొత్త చోట పడుతున్నాం. 81 నిమిషాలకి 1,500 అంటే సగటున మూడుంబావు సెకన్లకో కట్. మూకీ అంటే మెల్లగా నడిచేది అనుకునేవాళ్ళకి ఈ లెక్క చెప్పండి.

ఒక కాగితం తీసుకుని మొదటి విచారణ చూస్తూ కోర్టు పటం గీయటానికి ప్రయత్నించండి. విచారణ నడిపే బిషప్ కోషాఁ ఎక్కడ, జోన్ ఎక్కడ, తలుపు ఎటు? పది నిమిషాల్లో చేతులెత్తేస్తారు. జోన్‌ది కూడా అదే స్థితి. చదువు రాదు, పక్కన ఎవరూ లేరు, తన చుట్టూ ఉన్న నలభై ముఖాల్లో ఎవరు మిత్రుడో ఎవరు శత్రువో తెలియదు. తను ముఖాలు చదివి బతకాలి. మనమూ ముఖాలు చదివితేనే కథ తెలుస్తుంది. మీరు ఇరవయ్యో నిమిషంలో ఆపేసినప్పుడు కలిగిన ఆ దిక్కుతోచనితనమే సినిమాకి తలుపు. ‘ఎక్కడ’ అన్న ప్రశ్న వదిలేసి ‘ఈ ముఖం ఇప్పుడు మారిందా?’ అన్న ప్రశ్న పట్టుకోండి.

ఆ ముఖాలు అంత దగ్గరగా, అంత నిజంగా పడటానికి వెనక ఒక సాంకేతిక కారణం ఉంది. అంతకుముందు ఎక్కువగా వాడిన ఆర్థోక్రొమాటిక్ ఫిల్ము ఎరుపుని గుర్తించదు. ఎర్రటి చర్మం, పెదాలు నల్లగా మచ్చల్లా పడతాయి, అందుకే నటులకి దట్టంగా మేకప్ పుయ్యాల్సి వచ్చేది. అప్పుడప్పుడే వాడుకలోకి వస్తున్న పాన్‌క్రొమాటిక్ ఫిల్ము అన్ని రంగులనీ అందుకుంటుంది. ఛాయాగ్రాహకుడు రుడాల్ఫ్ మాతే దాంతో తీశాడు, డ్రేయర్ ఎవరికీ మేకప్ వెయ్యనివ్వలేదు. అందుకే ఒక న్యాయమూర్తి చెవి మీద వెంట్రుకలు, ఇంకొకడి పులిపిర్లు, కేకలు వేసేవాడి నోటి తుంపర్లు వరకు పడ్డాయి. నున్నటి తెల్ల గోడల ముందు ఈ ముడతలు కొండలూ లోయల్లా నిలుస్తాయి.

కెమెరా ఎత్తు కూడా చూడండి. న్యాయమూర్తులని చాలాసార్లు కింది నుంచి తీశారు. అంత కింద కెమెరా పెట్టడానికి నేలలో గుంతలు తవ్వించారు. వాళ్ళ గడ్డాలు, దవడలు మన మీదికి వంగుతాయి. జోన్ తల ఫ్రేములో కిందికో మూలకో ఉంటుంది, ఆమె పైన ఖాళీ తెలుపు బరువుగా వేలాడుతుంది. ఎవరు ఎవరి మీద ఎంత బరువు మోపుతున్నారో మాటల్లేకుండానే తెలుస్తుంది.

సెట్టు మాట కూడా చెప్పుకోవాలి. హెర్మన్ వార్మ్, జాఁ హ్యూగో కలిసి మధ్యయుగపు గ్రంథాల్లోని చిత్రాలు చూసి పారిస్ శివార్లలో కోట మొత్తాన్ని కాంక్రీటు గోడలతో ఒకే సెట్టుగా కట్టారు. తెల్లటి ఆకాశం ముందు బూడిద రంగుగా విడిపడాలని గోడలకి గులాబీ రంగు వేశారు. తీరా సినిమాలో ఆ కోట ముక్కలు ముక్కలుగా తప్ప కనిపించదు. డబ్బు పెట్టినవాళ్ళకి ఎంత మండి ఉంటుందో ఊహించుకోవచ్చు. కానీ అట్ట గోడల మధ్య నిలబడ్డ నటుడి చూపు వేరు, నిజమైన గోడల మధ్య నిలబడ్డవాడి చూపు వేరు. ఆ ఖర్చు ఫలితం గోడల మీద కాక ముఖాల మీద కనిపిస్తుంది.

ఒక వస్తువుని మొదటి నుంచి చివరి దాకా వెంబడిస్తే డ్రేయర్ పనితనం చేతికి దొరుకుతుంది. గడ్డి కిరీటాన్ని పట్టుకోండి. చెరసాలలో జోన్ గడ్డిపరకలతో చిన్న కిరీటం అల్లుకుంటుంది. ఏదో పొద్దుపోని పిల్ల చేసే పనిలా ఉంటుంది. కిటికీ కడ్డీల నీడ నేల మీద సిలువ ఆకారంలో పడితే చూసి ముఖం వికసిస్తుంది. మేలు కోరేవాడిలా నటించే ల్వాసెలర్ అనే మతగురువు లోపలికి వస్తాడు, అతను అడుగు పెట్టేసరికి ఆ సిలువ నీడ మాయమైపోతుంది. ఆ మనిషి ఎలాంటివాడో ఒక్క కార్డు లేకుండా అక్కడే తెలిసిపోయింది. తర్వాత సైనికులు అదే కిరీటం ఆమె నెత్తిన పెట్టి, చేతికి బాణం ఇచ్చి, దేవుడి కూతురు అన్నట్టు వెక్కిరిస్తారు. ఫాల్కొనెట్టి కదలదు. కన్నీళ్ళు కారుతూనే ఉంటాయి. ఇంతవరకు క్రీస్తు ముళ్ళ కిరీటం పోలిక ఎవరైనా పట్టుకుంటారు. అసలు దెబ్బ ఇంకా ముందుంది. చావు భయంతో ఆమె తప్పొప్పుకోలు కాగితం మీద గుర్తు పెడుతుంది, యావజ్జీవ ఖైదు వేస్తారు, క్షురకుడు తల గొరుగుతాడు. నిజంగానే ఫాల్కొనెట్టి జుట్టు గొరిగారు. బయట సంతలో గారడీవాళ్ళు ఒళ్ళు వంచి ఆటలాడుతుంటారు. నేల మీద పడ్డ జుట్టుని ఊడుస్తుంటే దాంతో పాటే ఆ గడ్డి కిరీటమూ చెత్తలోకి పోతుంది. జోన్ అది చూస్తుంది. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ బోధించలేదు. ఆ చూపులోనే ఆమె మనసు తిరిగిపోతుంది. న్యాయమూర్తుల్ని పిలిపించి, బతకటానికి దేవుణ్ణి కాదన్నానని చెప్పి, చావుని తనే ఎంచుకుంటుంది. మొదటిసారి చూసేవాళ్ళు ఆ ఊడ్చే షాటు దగ్గర సబ్‌టైటిల్ కోసం తెర అడుగుకి చూస్తూ దాన్ని వదిలేసుకుంటారు. పిల్లలకి ముందే కథ చెప్పెయ్యండి, కిరీటం సంగతి మాత్రం చెప్పకండి.

‘ఓవర్ యాక్షన్’ అన్న మాట క్లబ్‌లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వాళ్ళకి చూపించాల్సింది ఫాల్కొనెట్టి ఏడుపు కాదు, ఆమె రెప్పలు. పారిస్ రంగస్థలం మీద తేలికపాటి నాటకాల్లో నటించే ఆమెని చూసి డ్రేయర్ తెచ్చుకున్నాడు. ఆమెకి పేరు తెచ్చిన సినిమా ఇదొక్కటే. ప్రశ్న విన్న తర్వాత జవాబు వచ్చే లోపు ఆమె ఎంతసేపు రెప్ప వెయ్యదో చూడమనండి. పక్కన ఆంతోనిన్ ఆర్తోని కూడా చూడమనండి. నాటకరంగంలో తర్వాత ‘క్రూర రంగస్థలం’ సిద్ధాంతంతో పేరు పొందిన ఆయనే ఇందులో జోన్ మీద జాలిపడే యువ సన్యాసి మాసియూ. దాదాపు ఏమీ చెయ్యడు, చూస్తాడంతే. చివరి అల్లరి దృశ్యంలో మాత్రం కెమెరా తలకిందులవుతుంది, ఊగుతుంది, సైనికులు జనాన్ని గుళ్ళ గదలతో మోదుతారు. కొందరు విమర్శకులకి అది వేరే సినిమాలా అనిపిస్తుంది. నాకు అది అవసరమే అనిపిస్తుంది. అంతసేపు ముఖాల్లో బిగబట్టినది ఎక్కడో ఒకచోట ఒంట్లోకి రావాలి.

టైటిల్ కార్డుల సంగతి. మన పిల్లలకి ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళు చదవటం కష్టమేమీ కాదు, కానీ కళ్ళు కిందికీ పైకీ తిరుగుతుంటే రెప్పపాట్లు పోతాయి. దీనికి మన పాత పద్ధతే మంచిది. మూకీల కాలంలో మన దేశంలో తెర పక్కన ఒక మనిషి నిలబడి కార్డులని ఊరి భాషలో చదివి చెప్పేవాడు. అదే చెయ్యండి. ముందుగా కార్డులన్నీ వరసగా నంబర్లు వేసి తెలుగులో రాసుకోండి. ఒక్కో కార్డు తెర మీద ఎన్ని సెకన్లు ఉంటుందో పక్కన రాయండి. తెలుగు వాక్యం అంతలో ఇమడకపోతే వాక్యాన్ని కుదించాలి, తర్వాతి షాటు మీదికి పోనివ్వకూడదు. చదివేవాళ్ళు తెర పక్కన కాకుండా ప్రేక్షకుల వెనక కూర్చోవాలి, లేకపోతే కళ్ళు వాళ్ళ మీదికి పోతాయి. గొంతులో నటన వద్దు. ఒకే స్థాయిలో, నోటీసు చదివినట్టు చదవాలి. నటించే పని ముఖాలు చేస్తున్నాయి.

అనువాదంలో రెండు భాషలు పెట్టుకోండి. న్యాయమూర్తులది పుస్తకాల తెలుగు, జోన్‌ది ఇంట్లో మాట్లాడే తెలుగు. విచారణ రికార్డులోని ఆమె జవాబుల పదును ఆ తేడాలోనే ఉంది. సెయింట్ మైకేల్ నీకు నగ్నంగా దర్శనమిచ్చెనా అని అడుగుతారు. ‘ఆయనకి బట్టలియ్యటానికి దేవుడి దగ్గర లేవనుకున్నారా?’ అంటుంది. జుట్టు ఉన్నదా అంటే, ‘ఎందుకు కత్తిరించుకుంటాడు?’ అంటుంది. చెరసాలలో ‘నీవు దైవకృపయందున్నావా?’ అన్న ప్రశ్న ఉచ్చు. ఉన్నానంటే అహంకారం, ఏ మనిషికీ అది తెలియదని మతం చెబుతుంది. లేనంటే తన నేరం తనే ఒప్పుకున్నట్టు. ఆమె జవాబు తెలుగులో ఇలా కుదురుతుంది: ‘ఉంటే దేవుడు నన్ను అక్కడే ఉంచాలి. లేకపోతే అక్కడికి చేర్చాలి.’ ఈ కార్డు చదివాక చదివేవాళ్ళు కాగితం తిప్పకూడదు, ఆ చప్పుడు కూడా వినిపిస్తుంది. దాని వెంటనే వచ్చే ముఖాలు చాలా ముఖ్యం.

జోన్‌ని ఇంగ్లీషు ధోరణిలో పిలుస్తున్నాం గానీ, తన పేరేమిటని అడిగినప్పుడు ఆమె ఫ్రాన్స్‌లో జాన్ అంటారని, మా ఊళ్ళో జానెత్ అని పిలిచేవాళ్ళని చెబుతుంది. అది పెద్ద పేరూ ఇంట్లో పిలిచే పేరూ అన్నమాట. కార్డులో ఈ తేడా పోనివ్వకండి. వయసు అడిగితే వేళ్ళు లెక్కపెట్టుకుని పందొమ్మిది అంటుంది. ఆ వేళ్ళు కదిలేటప్పుడు కార్డు ముందే చదివెయ్యకండి.

హాలు గురించి రెండు మాటలు. పూర్తి చీకటి కావాలి, మధ్యాహ్నం పూట కర్టెన్ల సందుల్లోంచి వెలుతురు వచ్చే గదిలో తెల్ల గోడలన్నీ బూడిదవుతాయి. విరామం వద్దు, 97 నిమిషాలు ఒక్క బిగిన వెయ్యాలి. మొదటి వరస తెరకి మరీ దూరంగా వద్దు, ముఖం మనిషి కంటే పెద్దదిగా కనిపించాలి. గుంజకి కట్టేటప్పుడు తాడు జారి కింద పడితే జోన్ వంగి దాన్ని తీసి తనని కట్టేవాడి చేతికి అందిస్తుంది. వెనక వరసలో కూర్చున్నవాళ్ళకి కూడా ఆ చెయ్యి స్పష్టంగా కనిపిస్తోందా లేదా అని ముందు రోజు ఆ షాటు వేసి, చివరి కుర్చీలో కూర్చుని మీరే చూసుకోండి. కనిపించకపోతే కుర్చీలు ముందుకి జరపండి.